ఆ తోడేలమ్మ కళ్లు చేసినవాళ్లకు

బెంగళూరు వీఎఫ్ఎక్స్ స్టూడియోల్లో పనిచేస్తున్న, మొన్నమొన్నటిదాకా పనిచేసిన తెలుగు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

నమస్కారం.

సినిమా మీద అభిమానికి ఏమైనా చెప్పాలనిపిస్తే దర్శకుడికి రాస్తాడు, లేదంటే సంస్థకు రాస్తాడు. నేను మీకు రాస్తున్నాను. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ‘ది జంగిల్ బుక్’ గురించి, తోడేళ్లు పెంచిన మోగ్లీ అనే పిల్లవాడి కథ. దాని దర్శకుడు జాన్ ఫావ్రోకు రాసి లాభం లేదు. నేను ఏ మోగ్లీ గురించి మాట్లాడుతున్నానో ఆయనకు అర్థం కాదు, ఆయన పెరిగిన మోగ్లీ వేరు. మీకు అర్థమవుతుంది. మీలో ముప్పై ఐదు దాటినవాళ్లు ఆదివారం పొద్దున దూరదర్శన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాళ్లే కదా. పైగా ఆ సినిమాలో జంతువుల పని చాలావరకు చేసిన ఎంపీసీ సంస్థకు లండన్‌తో పాటు మన బెంగళూరులోనూ స్టూడియో ఉండేది. అంటే షేర్ ఖాన్ అనే పులి ఒంటిమీది వెంట్రుకల్లో కొన్ని ఇక్కడే, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఆఫీసుకు చేరినవాళ్ల చేతుల మీదుగా నిక్కబొడుచుకుని ఉంటాయి. కాబట్టి నా మెచ్చుకోలూ నా తగాదా రెండూ మీతోనే.

నేను మీ రంగం మనిషిని కాను. కృష్ణరాజపురంలో ఉంటాను, బ్యాంకు ఉద్యోగం, సొంతూరు కదిరి దగ్గర. మోగ్లీ అభిమానం మాత్రం 1993 నుంచి ఉంది.

మీలో చిన్నవాళ్ల కోసం ఆ మోగ్లీ గురించి కాస్త చెప్పాలి. మా వైపు ఇళ్లలో అప్పుడు టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే. మోగ్లీ వేళకు తలంటు సగంలో ఆపి, కళ్లలో కుంకుడుపులుసు మండుతుండగానే తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లం. కార్యక్రమమంతా హిందీలో. మా ఇంట్లో హిందీ వచ్చింది అక్కకొక్కదానికే, అదీ ప్రచార సభవాళ్ల ప్రాథమిక పరీక్షకు సరిపడేంత. ఆమె తడబడిన చోట పక్కింటి ఉర్దూ పిల్లలు అందుకునేవాళ్లు. వాళ్లు కూడా కథలో మునిగిపోయి చెప్పడం మానేస్తే మాకు తోచింది మేం అనుకునేవాళ్లం. గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన టైటిల్ పాట వీధిలో పిల్లలందరికీ నోటికి వచ్చు, అర్థం మాత్రం ఒక్కడికీ తెలియదు. షేర్ ఖాన్‌కు గొంతిచ్చింది నానా పాటేకర్ అని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఆ గొంతు వినపడగానే అక్క వెనక్కి జరగడమే.

అది జపాన్‌వాళ్ల బొమ్మ. నిప్పాన్ యానిమేషన్ సంస్థ 1989లో మొదలుపెట్టి మొత్తం 52 ఎపిసోడ్లు తీసింది. ఇప్పుడు చూస్తే ఎంత పొదుపుగా తీశారో తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదులుతుంది. ఒక్కోసారి బొమ్మ అసలు కదలదు, కెమెరా మాత్రం దాని మీదుగా జరుగుతుంది. టీవీ కోసం చేసే బొమ్మలకు సెకనుకు ఎనిమిదో పన్నెండో చిత్రాలతో సరిపెట్టడం మామూలే. మీరు ఒక్క చెవి కదలికకు పెట్టే కష్టంతో వాళ్లు ఒక ఎపిసోడ్ లాగించి ఉంటారు.

అయినా నమ్మాం. తోడేళ్లను నమ్మాం, ఎలుగుబంటిని నమ్మాం, అడవిలో రోజూ రాత్రి ఏదో జరుగుతోందనీ ఆదివారం దాకా అది మనకు తెలియదనీ నమ్మాం. ఎందుకు నమ్మామో నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక కారణం తీరిక. అన్ని ఆదివారాల పాటు సాగిన కథలో అడవి మాకొక వాడ అయిపోయింది. తోడేలు అమ్మానాన్నలున్నారు, కూడా పెరిగే తోడేలు పిల్లలున్నారు, తోడేళ్ల పెద్ద అకేలా పంచాయితీ ఉంది, ఎలుగుబంటి బాలూ పాఠాలున్నాయి. కా అనే కొండచిలువ ఊరి పెద్దమనిషిలా చుట్టలు చుట్టుకుని కూర్చుని సలహాలు చెప్పేది. కొన్ని ఎపిసోడ్లలో పెద్దగా ఏమీ జరగదు. ఒకరికి దెబ్బ తగులుతుంది, ఇంకొకరు అలుగుతారు, వాన పడుతుంది. ఆ ఏమీ జరగని ఎపిసోడ్లే మోగ్లీని మా పిల్లల్లో ఒకడిని చేశాయని నా గట్టి నమ్మకం.

రెండో కారణం ముఖాలు. గీసిన తోడేలు ముఖంలో మనిషి ముఖం ఉంటుంది. కనుబొమ పైకి లేస్తుంది, పెదవి వంకర పోతుంది. భాష రాని పిల్లలకు ఆ గీతలే భాష.

ఇప్పుడు మీ సినిమాకు వస్తాను. మన దేశంలో అది 2016 ఏప్రిల్ 8న, అమెరికా కన్నా వారం ముందే విడుదలైంది. తెలుగులోనూ వచ్చింది. హిందీ వెర్షన్‌లో షేర్ ఖాన్‌కు మళ్లీ నానా పాటేకర్‌నే పెట్టారనీ, ప్రచారం కోసం ఆ పాత పాటను కొత్తగా రికార్డు చేయించారనీ పేపర్లో చదివి నేను కొంచెం చిరాకుపడ్డాను. మా బాల్యాన్ని మాకే టికెట్ పెట్టి అమ్ముతున్నారనిపించింది. మారతహళ్లి వైపు ఒక మల్టీప్లెక్స్‌లో మొదటి ఆదివారమే చూశాను. చేతులు కట్టుకుని, తప్పులు పట్టడానికి సిద్ధంగా కూర్చున్నాను.

నీళ్ల సంధి సన్నివేశం దాకా చేతులు కట్టుకునే ఉన్నాను. కరవులో నది అడుగంటి ఒక బండ బయటపడుతుంది. అది కనిపించినంత కాలం ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. జింకా పులీ ఒకే రేవులో నీళ్లు తాగుతాయి. ఇది మోగ్లీని సృష్టించిన రచయిత కిప్లింగ్ రాసిన రెండో జంగిల్ బుక్‌లోని కథ. కరవు సీమవాణ్ని కదా, ఆ రేవు నాకు కొత్తగా కనిపించలేదు. ట్యాంకరు చుట్టూ పాత పగలు మరచి నిలబడే బిందెల వరస చూసినవాళ్లెవరికైనా అంతే. ఆ తర్వాత షేర్ ఖాన్ తోడేళ్ల గుట్ట మీద తీరిగ్గా పడుకుని, మోగ్లీని పెంచిన తోడేలమ్మ రక్ష కన్న పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని కోకిల గూడు కథ చెబుతాడు. పంజా ఎత్తడు, గొంతు పెంచడు. తల్లి దూరం నుంచి చూస్తుంటుంది. ఆ పులి బరువు, నేల మీద దాని భుజం ఒరిగే తీరు, అది గీసిన బొమ్మకు సాధ్యం కాదు. ఒప్పుకుంటున్నాను, అది మీ గెలుపు. సెన్సార్ బోర్డు ఈ సినిమాకు యూ/ఏ సర్టిఫికెట్ ఇచ్చింది, త్రీడీలో జంతువులు మీదికి దూకుతాయి, పిల్లలు జడుసుకుంటారు అని. దేశమంతా నవ్వింది. అదే మీకు దక్కిన అసలు అవార్డు అని నేనంటాను, ఆస్కార్ దాని తర్వాతే.

ఇక రక్ష మోగ్లీని పంపించే సన్నివేశం. నువ్వెక్కడికెళ్లినా, ఎవరు నిన్ను ఏమని పిలిచినా నా కొడుకువే అనే అర్థం వచ్చే నాలుగు మాటలు చెప్పి ముఖం దగ్గరికి తెస్తుంది. నా పక్క సీట్లో ఎవరో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది కళ్లజోడుకు పట్టిన ఆవిరి కాదు, నాకు తెలుసు.

ఆ కళ్లు ఎవరు చేశారు? ఇది తెలుసుకోవాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తగాదా కూడా చెప్పనివ్వండి. సినిమాలో అడవి వాడ కాదు, దారి. మోగ్లీ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోతుంటాడు, ప్రతి మలుపులో ఒక జంతువు ఎదురై తన పని తాను చూసుకుని వెళ్లిపోతుంది. కా విషయంలో నాకు నిజంగానే కోపం వచ్చింది. కిప్లింగ్ కథలో కోతుల చెర నుంచి మోగ్లీని విడిపించడానికి వచ్చేదే కా. డిస్నీవాళ్లు 1967 కార్టూన్‌లో దాన్ని దొంగచూపుల విలన్‌ని చేశారు, ఈ సినిమా అదే పట్టుకుంది, ఒక్క సన్నివేశంలో పని ముగించింది. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత మోగ్లీని మళ్లీ వేసినప్పుడు మా అమ్మాయితో కలిసి చూశాను. ఆమె సినిమా ముందు చూసింది, కార్టూన్ తర్వాత. కా కనబడ్డ ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని “ఇప్పుడు మింగుతుందా నాన్నా?” అని అడిగేది. మింగదమ్మా, అది మనవాళ్లలోది అని నమ్మించడానికి చాలా ఎపిసోడ్లు పట్టింది.

కింగ్ లూయీ సంగతి ఇంకా తమాషా. కిప్లింగ్ పుస్తకంలో కోతులకు రాజే లేడు, డిస్నీవాళ్లు పెట్టారు, ఒరాంగుటాన్‌గా పెట్టారు. ఒరాంగుటాన్ మన అడవుల్లో ఉండదు కదా అని 2016లో ఎవరికో పట్టింపు వచ్చింది. అందుకని ఎప్పుడో అంతరించిపోయిన జైగాంటోపిథికస్ అనే మహా వానరాన్ని తెచ్చారు. బాగుంది, శాస్త్రం నిలబడింది. ఆ తర్వాత దాని చేత పాట పాడించారు! పాడే కోతి ఏ జాతిదైతేనేం చెప్పండి. వెంట్రుకకు వెంట్రుక నిజం కావాలని పట్టుబట్టినవాళ్లు ఆ పాట దగ్గర ఇరుక్కున్నారు. గీసిన లూయీ పాడితే ఎవరూ అడగలేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఇరుకు గురించే. నిజంలా కనిపించడం ఒక పని, నమ్మించడం ఇంకో పని. మొదటిది పూర్తిగా మీ చేతిలో ఉంది. రెండోది మీ చేతిలో పెట్టనివ్వడం లేదు.

2019లో అదే దర్శకుడు, అదే ఎంపీసీ, ‘ది లయన్ కింగ్’. తెలుగులో నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ గొంతులు. ఈసారి తెర మీద ఉన్నదంతా కంప్యూటర్‌దే, మొదట్లో సూర్యోదయం షాట్ ఒక్కటే నిజంగా తీసిందని ఫావ్రోనే చెప్పారు. సింహాలు నేషనల్ జియోగ్రఫిక్ సింహాల్లాగే ఉన్నాయి. కష్టం కూడా అక్కడే. తండ్రి శవం దగ్గర సింబా నిలబడినప్పుడు 1994 కార్టూన్ చూసి ఏడ్చిన నేను ఇందులో ఊరికే చూస్తూ కూర్చున్నాను. సింహం పిల్ల సింహం పిల్లలాగే ఉంది. అది ఏడుస్తోందో, దానికి ఆకలి వేస్తోందో ముఖం చూస్తే తెలియదు. అసలు సింహానికీ అంతే కదా, మనం కనిపెట్టేలా ఏడవడం దానికి రాదు. ఆ సినిమా 160 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కాబట్టి నా మాట ఎవరికీ పట్టకపోవచ్చు.

మరి రక్ష దగ్గర ఎందుకు కరిగిపోయాను? తోడేలు ముఖంలో కూడా మనిషి భావం పలకదు. కుక్కలకు కనుబొమను పైకెత్తే కండరం ఒకటి ఉందనీ, తోడేళ్లకు అది సరిగా లేదనీ 2019లోనే ఒక పరిశోధన చెప్పింది. మీరు రక్షకు కుక్క కనుబొమలు పెట్టలేదు, నేను సినిమా ఆపి ఆపి చూశాను. చెవులు వెనక్కి వాలడం, ఊపిరి ఒక్క క్షణం ఆగడం, తల కొంచెం వంగడం, అంతే ఉంది. అయితే ఆ ఫ్రేములో ఇంకో ముఖం ఉంది. నీల్ సేఠీ. సినిమా మొత్తంలో నిజమైన నటుడు దాదాపు ఆ పిల్లవాడొక్కడే. లాస్ ఏంజెలెస్ స్టూడియోలో, చెట్టూ చేమా లేని చోట, జిమ్ హెన్సన్ సంస్థవాళ్లు చేసిన తోలుబొమ్మల ముఖాల్లోకి చూస్తూ నటించాడు. తల్లి ముఖంలో లేనిదంతా వాడి ముఖంలో చదువుకున్నాం. లయన్ కింగ్‌లో అలా చదువుకోవడానికి ఎవరూ లేరు.

ఇది అభిమాని సిద్ధాంతం, మీ రంగంవాళ్లు నవ్వుకోవచ్చు. అయితే దీనికి సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’. ఈగకు ముఖమే లేదు. కనుబొమ లేదు, పెదవి లేదు, కళ్లు రెండు జాలీ బుడగలు. మాట అసలే లేదు. అయినా తెలుగు రాష్ట్రమంతా ఒక ఈగ పక్షాన నిలబడి విలన్ సుదీప్‌ను తిట్టుకుంది. కాళ్లు రుద్దుకోవడంలో, తల తిప్పడంలో, ఆగి మళ్లీ ఎగరడంలో హైదరాబాద్ మకుట స్టూడియోవాళ్లు కోపం, కొంటెతనం, పట్టుదల అన్నీ చూపించారు. జాతీయ అవార్డుల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు కూడా దానికే వచ్చింది. ఎందుకు కుదిరింది? ముందు నానిని కాసేపు చూపించి, మనం అతనితో ఉన్నాక చంపి ఈగను చేశారు కాబట్టి. ఈగ వచ్చేసరికి లోపల ఉన్నదెవరో మనకు తెలుసు. మీలో పేరున్న విదేశీ సూపర్‌వైజర్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు ఈ ఈగ షాట్లు కూడా ఒక్కొక్కటీ ఆపి చూడాలని నా కోరిక.

షాట్‌లో బొమ్మ చుట్టూ గీత గీసి విడదీసే రోటో కుర్రాడికీ, అక్కర్లేనివి చెరిపే పెయింట్ అమ్మాయికీ ఇందులో మాట చెల్లదని నాకు తెలుసు. షాట్ వస్తుంది, చేస్తారు, రోజువారీ పని చూసే డైలీస్‌లో ఎవరో వేల మైళ్ల దూరం నుంచి ఇంకా నిజంగా ఉండాలి అంటారు, రాత్రి క్యాబ్ బుక్ చేసుకుని మళ్లీ చేస్తారు. అంత చేశాక మీ గతి ఏమిటో కూడా చూస్తున్నాం. ‘లైఫ్ ఆఫ్ పై’ పులి పనిలో హైదరాబాద్ కుర్రాళ్ల చెయ్యి కూడా ఉంది. దాన్ని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసి, అదే నెలలో ఆస్కార్ అందుకుంది. వేదిక మీద ఆ సూపర్‌వైజర్ సంస్థ కష్టాల గురించి చెప్పబోతే సంగీతం పెంచి మైకు కట్టేశారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, ఎంపీసీ మాతృసంస్థ టెక్నికలర్ కూలిపోయింది. బెంగళూరు ఆఫీసూ మూతపడింది. మా వీధిలోనే ఒక అబ్బాయి ఆ నెల జీతం రాక బైకు ఈఎంఐ గురించి మా బ్యాంకుకు వచ్చి కూర్చున్నాడు. ఏం చేసేవాడివి బాబూ అంటే “ఫర్ సార్, జంతువులకి ఫర్” అన్నాడు. ఫర్ అంటే బొచ్చు. నాకు వెంటనే షేర్ ఖాన్ గుర్తొచ్చాడు. తను చేరేసరికే ఆ సినిమా అయిపోయిందట, లేకపోతే వడ్డీ మాఫీ చేసేంత పని చేసేవాణ్నేమో.

మిమ్మల్ని పెద్ద పెద్దవి అడగను. ఉద్యోగాలు పోయి చిన్న స్టూడియోలు పెట్టుకున్నవాళ్లు, తెలుగు సినిమాలకు షాట్లు చేస్తున్నవాళ్లు మీలో ఉన్నారని విన్నాను. ఈ మధ్య మన సినిమాల్లో పులులూ తోడేళ్లూ బాగానే దిగుతున్నాయి. అన్నీ హీరో మీదికి దూకడానికే. ఎవరైనా నిర్మాత మీ దగ్గరికి వచ్చి జంతువు కావాలంటే, అది దూకక ముందు ఒక్క నిమిషం ఏమీ చేయకుండా ఉండే షాట్ అడిగి చూడండి. బడ్జెట్ లేదంటే గీసి ఇవ్వండి. నల్లమలలో పెరిగే పిల్లవాడి కథ ఒకటి, టీవీకి సరిపోయే సైజులో, తెలుగులో, పొదుపుగా గీసిన బొమ్మలతో తీస్తే ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇద్దరు ప్రేక్షకులు ఖాయం.

ఇంకొకటి. సినిమా అయిపోయాక మీ పేర్లు తెర మీద చీమల బారులా పోతుంటాయి. అందులో రెడ్డి, నాయుడు, షేక్, రావు అని కనబడితే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాను, ఆలోగా ఊడ్చేవాళ్లు వచ్చి లేవమంటారు. ఏ షాట్ ఎవరిదో అక్కడ ఉండదు. ‘ది జంగిల్ బుక్’ చేసినవాళ్లు ఎవరైనా ఇప్పటికీ బెంగళూరులో ఉంటే ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్‌కు రండి. కమ్యూనిటీ హాల్లో ప్రొజెక్టర్ ఉంది, స్పీకర్లు ఒక మోస్తరు. పిల్లలు ఇరవై ముప్పై మంది వస్తారు, సగం మంది తెలుగు, మిగతావాళ్లు కన్నడం, తమిళం. మీరు చేసిన షాట్ల షోరీల్ వేసి ఆ తోడేలుకు చెవి ఎలా వాల్చారో, ఊపిరి ఎలా ఆపారో చూపించండి చాలు. మా అమ్మాయికి మీతో మాట్లాడాల్సిన పని ఉంది, కా గురించి. పదకొండు తర్వాత వస్తే మంచిది, అంతకుముందు హాల్లో యోగా క్లాసు ఉంటుంది.

ఇట్లు,
ఒక మోగ్లీ అభిమాని,
కృష్ణరాజపురం, బెంగళూరు.

తా.క.: కిప్లింగ్ షేర్ ఖాన్ పుట్టుకుంటివాడు, అందుకే పశువుల మీద పడి బతుకుతాడు. మీ సినిమాలో కుంటితనం బదులు కాలిన ముఖం పెట్టారు. చూడ్డానికి భయంగానే ఉంది, కానీ కుంటి పులే ఇంకా బాగుండేది. మళ్లీ ఎవరైనా మోగ్లీ తీస్తే ఆ కాలు మాత్రం మరచిపోవద్దని చెప్పండి.